గాంధీ పది రూపాయల స్టాంపు: మా దగ్గర కొన్నవాళ్ళకు ఒక మాట

మా అంగడికి ఏళ్ళ తరబడి వస్తున్న అందరికీ నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డు వెనక సందులో మా నాయన పెట్టిన ఈ స్టాంపుల అంగడి నుంచి ఇలాంటి సంగతి రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఉగాది తర్వాత నేను 1948 గాంధీ సెట్లు మూడు అమ్మాను. ఆ మూడింటిలోనూ పది రూపాయల స్టాంపు నకిలీది. తెలిసి అమ్మలేదు. కానీ చూసుకోకుండా అమ్మాను, ఆ తప్పు నాదే.

సెట్టు సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. గాంధీజీ పోయిన ఆరున్నర నెలలకు, 1948 ఆగస్టు 15న, మన తపాలా శాఖ నాలుగు స్టాంపులు విడుదల చేసింది. అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. అప్పట్లో మన స్టాంపులు అచ్చయ్యే నాసిక్‌లో కాకుండా స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే అనే ముద్రణాలయంలో వేయించారు. వాటి మీద హిందీలోనూ ఉర్దూలోనూ 'బాపు' అని ఉంటుంది. అప్పట్లో పది రూపాయలు పెట్టి స్టాంపు కొనగలిగేవాళ్ళు ఎంతమంది! అందుకే ఆ ఒక్కదానికి ఇంత గిరాకీ, అందుకే దానికే దొంగ ముద్రలు ఎక్కువ. గవర్నర్ జనరల్ వాడకానికని 'సర్వీస్' అని అదనంగా అచ్చు వేసిన పది రూపాయలవైతే వందే వేశారు. వాటిలో నాలుగు కలిసి ఉన్న పట్టీ 2017లో బ్రిటన్‌లో 5 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. అలాంటిది ఉంది, తక్కువకే ఇస్తానని ఎవరైనా మీ దగ్గరికి వస్తే దయచేసి కొనకండి.

పట్టుకున్నది నేను కాదు. మన అంగడికి ఇరవై ఏళ్ళుగా వస్తున్న ఒక రిటైర్డ్ అయ్యవారు చిత్తూరు నుంచి ఆల్బమ్ సంచిలో పెట్టుకొని వచ్చారు. "సామీ, ఒకసారి లైటు ఆర్పు" అన్నారు. ఊదా లైటు, అంటే అల్ట్రావయొలెట్ దీపం, వేసి నాలుగు స్టాంపులూ వరసగా పెట్టారు. మూడు చిన్నవి మట్టి రంగులో నిదానంగా ఉన్నాయి. పది రూపాయలది మాత్రం నీలిమందు పెట్టిన పంచె మాదిరి తెల్లగా మెరిసింది. ఈ కాలం కాగితంలో తెలుపు కోసం మందు కలుపుతారు, అది ఆ లైటుకు మెరుస్తుంది. 1948 కాగితం అట్లా మెరవదు. తర్వాత మా నాయన భూతద్దం కింద పెట్టి చూశాను. గాంధీజీ చెంప మీద ఎరుపు, పసుపు, నీలం చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. పెళ్ళి పత్రిక అచ్చులో కనపడే చుక్కలవి. అసలు స్టాంపులో నీడ మెత్తగా పాకుతుంది, చుక్కలు విడివిడిగా కనపడవు. నా చేతిలో అద్దం ఉంది, లైటు ఉంది, ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. మూడు చిన్నవి అసలువి కాబట్టి నాలుగోదాన్ని నమ్మేశాను.

సెట్లు పంపిన హోల్‌సేల్ ఆయన దగ్గర పద్నాలుగేళ్ళుగా సరుకు తీసుకుంటున్నాను. ఫోన్ చేస్తే ఆయన కంగారు కూడా పడలేదు. "ఒకటీ అరా వస్తుంటాయి, తిరుపతిలో ఎవరు పట్టుకుంటారులే" అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇంకా తగ్గలేదు. మనూళ్ళో స్టాంపులు చూసేవాళ్ళకు కళ్ళు లేవనా? నెలంతా దాచుకున్న డబ్బుతో 1986 అల్లూరి స్టాంపు కొనుక్కుపోయే ఇంటర్ పిల్లలు వస్తారు నా దగ్గరికి. వాళ్ళంటే ఆయనకు లెక్కే లేదు.

ఆ తర్వాత ఆయన ఒక దారి చెప్పాడు. నకిలీవి మూడూ తిరిగి పంపిస్తే డబ్బంతా వేస్తానన్నాడు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. చిన్న మొత్తం కాదు, ఈ ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫీజు కూడా కట్టాలి. పంపెయ్యమనే మా ఇంట్లో అన్నారు, అందులో తప్పు కూడా లేదు. కానీ తిరిగి పంపితే ఆయన వాటిని చించిపారేస్తాడా? కర్నూలులోనో కడపలోనో నాలాంటి ఇంకో అంగడికి పోతాయి, అక్కడ ఇంకెవరి ఆల్బమ్‌లోనో చేరతాయి. చివరికి పంపలేదు, పంపను. నష్టం నేనే పెట్టుకుంటాను. చేతికి వచ్చిన రెండింటి వెనక 'నకిలీ' అని చెరగని సిరాతో రాసి, గల్లా పక్కన అద్దం కింద పెట్టాను. ఎవరైనా వచ్చి ఊదా లైటు వేసి చూసుకోవచ్చు, మీ స్టాంపులు తెచ్చి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. దానికి డబ్బు తీసుకోను.

ఆ హోల్‌సేల్ ఆయనతో లావాదేవీ అయిపోయింది. 1947 నవంబర్‌లో వచ్చిన 'జై హింద్' స్టాంపులున్న పాత కవర్లు ఆయన దగ్గరి నుంచే వచ్చేవి, కాబట్టి అవి కొన్నాళ్ళు దొరకవు. ఇకమీద గాంధీ పది రూపాయలది నిపుణుల సర్టిఫికెట్ లేకుండా అమ్మను. ధర పెరుగుతుంది, ముందే చెప్తున్నాను. 1972 టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్టాంపు, అల్లూరిది, మిగతావి ఊరి వాళ్ళ పాత ఆల్బమ్‌ల నుంచి నేను నేరుగా కొన్నవి. అవన్నీ మళ్ళీ ఒక్కొక్కటే అద్దం కింద చూశాను, బాగున్నాయి.

మూడు సెట్లలో రెండింటికి డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చేశాను. అయ్యవారు తీసుకోనంటే బలవంతంగా జేబులో పెట్టాను. మూడో సెట్టు కొన్నాయన మాత్రం దొరకలేదు. వేసవి సెలవుల్లో, దర్శనం చేసుకొని గుండుతో, నుదుట గంధంతో వచ్చారు. వెంట పదేళ్ళ పాప ఉంది. పాపే గాజు బల్ల మీద వేలు పెట్టి "నాన్నా, ఈ తాత" అని చూపించింది. నగదు ఇచ్చారు, ఫోన్ నంబరు నేను అడగలేదు. మాట తీరు చూస్తే నెల్లూరు వైపు వాళ్ళనిపించింది. మీలో ఎవరికైనా వాళ్ళు తెలిస్తే ఈ సంగతి చెప్పండి. చీటీ లేకపోయినా పర్వాలేదు, స్టాంపు తెస్తే చాలు, రాలేకపోతే పోస్టులో పంపినా చాలు. వాళ్ళ డబ్బు కవర్లో పెట్టి గల్లాలో వేరుగా ఉంచాను. ఆ పాప కోసం 1972 ప్రకాశం పంతులు గారి స్టాంపు కూడా అందులోనే పెట్టాను, అది అసలుది.