పాత జీపు మీద పదివేలు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. పాతికేళ్లు దాటిన డీజిల్ జీపులను ఇంకా రోడ్డు మీద తిరగనివ్వడం తప్పని, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 10,000 చేసినా తక్కువేనని ఆయన రాశారు. ఆయనది నగరం. సిగ్నల్ దగ్గర అలాంటి జీపు వెనక స్కూటర్ మీద ఇరుక్కుంటే నేనూ అదే మాట అనేవాణ్ణేమో. కానీ నాది అల్లూరి సీతారామరాజు జిల్లా, గూడెం కొత్తవీధి మండలం. నా దగ్గర ఉన్నది 1991 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయిన మహీంద్రా ఎంఎం 540. అందుకే ఈ నాలుగు ముక్కలు.

1999లో ఒక కాంట్రాక్టర్ దగ్గర కొన్నాను. టాపు గుడ్డ చిరిగిపోయి ఉంది, వెనక సీటు రేకు తుప్పు పట్టి ఉంది, కిలోమీటర్ల మీటరు 71 వేల దగ్గర ఆగిపోయి ఉంది. ఫిట్‌నెస్ కోసం మీటరు కేబుల్ మూడుసార్లు వేయించాను. మూడుసార్లూ ఆరు నెలలు తిరక్కుండానే తెగింది. కాబట్టి ఇప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. కొన్నేళ్లు సంతకి సర్వీసు తోలాను. అప్పట్లో ఎక్కినవాళ్లను లెక్కపెట్టే అలవాటు మాకు లేదు. అది తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తర్వాత నా కాఫీ తోటకే పెట్టుకున్నాను.

ఇంజను ప్యూజో వాళ్ల డిజైను, 2112 సీసీ, 62 గుర్రాల శక్తి. ఇప్పుడొచ్చే చిన్న కార్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. గేర్లు నాలుగే. తారు రోడ్డు మీద 60 దాటితే పక్కవాడి మాట వినపడదు. ఈ ఇరవయ్యారేళ్లలో ఇంజను పూర్తిగా విప్పించింది ఒక్కసారి. క్లచ్ ప్లేటు నాలుగోది నడుస్తోంది. కమాను పట్టీలు ఎన్ని మార్చానో మీటరు లాగే లెక్క తప్పింది.

ఒక సంగతి చెబితే గానీ నేను దీన్ని ఎందుకు వదలనో అర్థం కాదు. పదేళ్ల కిందట, శ్రావణం వానలు. సంత నుంచి వస్తున్నాం. బియ్యం మూటలు, ఉప్పు, ఎండు చేపల బుట్ట, ఆరుగురు మనుషులు. మా ఊరికి తిరిగే మట్టిదారిలో వాగు దాటి ఎక్కుతుండగా కింద టప్పున చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది గాని బండి కదలడం లేదు. కిందికి దూరి చూస్తే వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టుకి కీలులా ఉండే క్రాస్ విరిగిపోయి, షాఫ్ట్ ఒక పక్క వేలాడుతోంది. ఇంకో బండి అయితే కథ అక్కడితో అయిపోయేది. సీటు కింద ఎప్పుడూ రెండు స్పానర్లు, ఒక సుత్తి, బైండింగ్ వైరు ఉంటాయి. రెండో చివర బోల్టులు కూడా విప్పి షాఫ్టునే ఊడదీసి మూటల మీద పడేశాను. వెనక చక్రాలకు ఇంజనుతో సంబంధం పోయింది. ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేశాను, అప్పుడే ఆ చక్రాలు ఇంజనుకు తగులుకుంటాయి. ఫోర్‌వీల్ గేరు వేస్తే ముందు చక్రాలే బండిని లాగాయి.

చదును మీద బాగానే వచ్చింది. ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి ముందు టైర్లు ఊరికే తిరుగుతూ బురద చిమ్ముతున్నాయి. ఎక్కుడులో బరువంతా వెనక్కి పడిపోతుంది కదా, ముందు చక్రాలకు పట్టు దొరకదు. మనుషులందరినీ దించాను. బండిని అటు తిప్పి, లో గేరులో రివర్స్ వేశాను. ఇప్పుడు లాగే చక్రాలు కిందికి వచ్చాయి, బరువు వాటి మీదికే వచ్చింది. మా తమ్ముడు బండి జారితే టైరు కింద వేయడానికి పెద్ద రాయి పట్టుకుని పక్కనే నడిచాడు. ఎండు చేపల బుట్ట పెద్దావిడ "ఎనక్కి ఎక్కుతాదా బాబూ ఇది?" అని అడుగుతూనే ఉంది. ఎక్కింది. అద్దంలో చూసుకుంటూ, మెడ పట్టేసి, పావుగంట పట్టింది. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది గాని అందరూ వాళ్ల మూటలతో ఇంటికి చేరారు. క్రాస్ తెచ్చి వేయించడానికి తర్వాత ఎంతయిందో గుర్తు కూడా లేదు. పెద్ద ఖర్చు కాదు.

ఈ జీపులు గట్టివని అందరూ అంటారు. నన్నడిగితే ఇవి విరగవని కాదు, తరచుగానే విరుగుతాయి. విరిగింది ఏమిటో కంటికి కనిపిస్తుంది, చెయ్యి అక్కడికి పోతుంది. డీజిల్ లైనులో గాలి పట్టి ఆగిపోతే పంపు మీది స్క్రూ ఒకటి వదులు చేసి, చేతి పంపు కొడుతుంటే మొదట నురగ వస్తుంది, ఆ తర్వాత బుడగలు లేని డీజిల్ వస్తుంది. స్క్రూ బిగిస్తే పని అయిపోయినట్టే. బ్యాటరీ చచ్చిపోతే పల్లంలో తోస్తే చాలు. ఒకసారి స్టార్ట్ అయ్యాక ఆ ఇంజనుకి కరెంటుతో పనిలేదు. తాళం తీసినా ఆగదు, స్టాప్ నాబ్ లాగితేనే ఆగుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి మా తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు కూలి దారులన్నీ మూసేసినప్పుడు నాలుగు రోజులు ఈ జీపే గొడ్డలి, రంపం, తాడు మోసింది. ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు దీనికి బ్యాటరీయే లేదు. ఇంట్లో లైటు కోసం తీసి పెట్టుకున్నాం.

దీన్ని పాడుచేసేవాళ్లలో ఎక్కువ మంది మొండి డ్రైవర్లే. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి తోలితే మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. టైర్లు అరుగుతాయి, క్రాస్‌లు పోతాయి, గేర్ల హౌసింగ్ మూలుగుతుంది. బురద, రాయి, ఇసుక ఉన్నచోటే వేయాలి, దాటగానే తీసేయాలి. ఈ మాట నాకు నేర్పింది నర్సీపట్నంలో ఉండే పాత మేస్త్రి. ఆయన చేతికింద ఇప్పుడు ఒక్క కుర్రాడు కూడా లేడు. ఉన్నవాళ్లందరూ కార్ల షోరూములకు పోయారు. విడిభాగాలకు నేను విజయవాడ ఆటోనగర్ దాకా పోతున్నాను, అక్కడ కూడా అసలుది ఏదో నకిలీ ఏదో చూసి పట్టుకోవాలి.

మా పక్క ఊళ్లో ఒకాయన దగ్గర మారుతి జిప్సీ ఉంది, పెట్రోలు బండి. దాన్ని కూడా కలిపి చెప్పకపోతే ఆయన నొచ్చుకుంటారు. జిప్సీ బలం దాని తేలికదనంలో ఉంది. బురదలో మా జీపు మునిగి నడిస్తే అది మీద మీద పోతుంది. 1985లో వచ్చిన బండి 2019 దాకా పెద్దగా మారకుండా తయారైందంటే ఊరికే కాదు. అయితే వెనక కూర్చున్నవాళ్ల నడుము సంగతి రెండింట్లోనూ ఒకటే.

ఉత్తరం రాసిన పెద్దాయన చెప్పినవాటిలో నిజం లేకపోలేదు. ఇది పొగ వదులుతుంది, ముఖ్యంగా పొద్దున్నే లంబసింగి చలిలో హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగకుండా తాళం తిప్పితే. ఎయిర్‌బ్యాగులు లేవు. మలుపులో తొందరపడితే పల్టీ కొట్టే బండి ఇది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. వాగు దాటాక కాసేపు బ్రేకులు పట్టవు, పెడల్ మీద కాలు కొంచెం ఆనించి పోతూ పోతూ ఆరబెట్టుకోవాలి. కొత్తవాడి చేతికి నేను ఇవ్వను. మా ఆవిడ విశాఖ వెళ్లాలంటే ఈ జీపు ఎక్కదు, మా అబ్బాయి కారులోనే పోతుంది. అదే సరైన పని కూడా.

ఆ కారు సంగతి కూడా వినండి. మూడేళ్ల బండి, కంపెనీ పేరు అక్కర్లేదు. మొన్న వానల్లో గూడెం దాటాక మీటరులో పసుపు లైటు వెలిగింది. ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా 30 దాటలేదు. బానెట్ ఎత్తితే అంతా నల్లటి ప్లాస్టిక్ మూత. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదివాడు, నేను ఇరవయ్యారేళ్లు జీపు తోలాను, ఇద్దరం ఆ మూత చూస్తూ నిలబడ్డాం. చివరికి వేరే బండి మీద ఎక్కించి ఘాట్ దింపారు. అక్కడ ల్యాప్‌టాప్ పెట్టి చూసి ఏదో సెన్సార్‌కి తేమ తగిలిందన్నారు. సెన్సార్ ఖరీదు కన్నా దించిన బండి కిరాయే ఎక్కువైంది.

ఇక ఫీజు. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. 2021లో నేను కట్టింది 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు, జీపులకు 10,000 చేశారు. నా తర్వాతి గడువు వచ్చే ఫిబ్రవరి. 600 దగ్గర్నుంచి ఒక్కసారిగా పదివేలు. తమాషా ఏమిటంటే, ఇదే బండికి 50 ఏళ్లు నిండితే వింటేజ్ అని ముద్దుగా వేరే రిజిస్ట్రేషన్ ఇస్తారు. 35 ఏళ్లది మాత్రం తుక్కు కింద లెక్క. మధ్యలో ఆ పదిహేనేళ్లు అది ఎక్కడ దాక్కోవాలో ఎవరూ చెప్పరు.

నేను ఫీజు మాఫీ అడగడం లేదు. పొగ కొలవండి, బ్రేకు చూడండి, స్టీరింగ్ ఎంత వదులుందో చూడండి, లైట్లు చూడండి. ఫెయిలైతే బండి నిలిపేయండి, నేనే తోసి పక్కన పెడతాను. కానీ పరీక్షలో నెగ్గిన బండికి, ఊరికే వయసు చూసి పదివేలు ఎందుకు? పోయినసారి ఒక ఆఫీసులో బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, చక్రం కూడా ముట్టుకోకుండా "ఇంకా ఎందుకయ్యా ఇది, అమ్మేయకూడదా" అన్నారు. నేను హబ్బులు గ్రీజు పెట్టి, బ్రేకు లైనింగులు కొత్తవి వేయించి తీసుకుపోయిన బండి అది. అటు చూసినవాళ్లే లేరు. పది నిమిషాలు కిందికి దూరి చూసి తిట్టినా సంతోషపడేవాణ్ణి.

కనీసం నిజంగా కొండదారుల్లో తిరిగే ఫోర్‌వీల్ బండ్లకు పరీక్ష ఫలితాన్ని బట్టి ఫీజు పెట్టమని రవాణా శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా వైపు ఇంకా కొన్ని ఊళ్లకు డోలీ కట్టి మోసుకొచ్చాకే అంబులెన్స్ అందుతుంది. ఆ డోలీకి, అంబులెన్స్‌కి మధ్య దూరం ఎన్నోసార్లు ఇలాంటి జీపులే పోయాయి, పోతున్నాయి.

పదివేలు పక్కన పెట్టాను, ఫిబ్రవరిలో కడతాను. ఈసారి మీటరు కేబుల్ నాలుగోది వేయించాలి. ఉత్తరం రాసిన పెద్దాయన ఎప్పుడైనా లంబసింగి మంచు చూడ్డానికి వస్తే గూడెం కొత్తవీధి దాకా రమ్మనండి. వాగు దాటించి మా తోట చూపిస్తాను. వెనక సీటులో మాత్రం కూర్చోబెట్టను.

ఇట్లు,
ఒక కాఫీ రైతు,
గూడెం కొత్తవీధి మండలం
(పేరు వేయవద్దని మనవి)