కోడిని పట్టింది ఎవరో తెలుసుకోకుండా గుళికలు పెట్టవద్దు

సంపాదకులకు,

నమస్కారములు. కోనసీమ లంక గ్రామాల్లో పెరటి కోళ్లు పోయిన ఇంట్లో పరామర్శకు వచ్చినవారు చెప్పే ఉపాయం తరచుగా ఒకటే ఉంటుంది. వరిచేలో పురుగుకు చల్లే గుళికలను చచ్చిన కోడి కడుపులో కూరి, చెరువు గట్టు మీద పడేస్తే రెండు రోజుల్లో పీడ విరగడవుతుందని అంటారు. మాది ముమ్మిడివరం వైపు ఒక లంక గ్రామం. ఆ ఉపాయాన్ని మా పెరటి వెనుకే పాటించగా ఏం జరిగిందో కళ్లారా చూసినవాడిని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు శ్రావణ మాసంలో మా పిల్లలకోడి పదకొండు పిల్లలతో తిరుగుతుండగా వారం తిరగకుండా ఏడు పిల్లలు మాయమయ్యాయి. అంతకు కొద్ది రోజుల ముందు రాత్రి వేళ చేపల చెరువు దగ్గర బావురు పిల్లిని (చేపలు పట్టి తినే అడవి పిల్లిని) చూశామని ఇద్దరు చెప్పడంతో నేరం దాని మీదే పడింది. పొరుగు రైతు గుళికలు పెట్టాడు. మూడో నాటికి గట్టు మీద ఒక ముంగిస, వీధి చివర అందరూ అన్నం పెట్టే ఒక కుక్క చచ్చి పడి ఉన్నాయి. కోడిపిల్లలు పోవడం మాత్రం ఆగలేదు. చివరికి వంటచెరకు మోపులు కదిపి చూస్తే, వాటి వెనుక కొత్త మట్టి ఎత్తిపోసిన బొరియ ఒకటి, దాని నోట్లో కోడిపిల్ల రెక్క ఒకటి కనబడ్డాయి. పట్టింది పందికొక్కు. పందికొక్కుల పిల్లలను తిని మాకు మేలు చేస్తున్న ముంగిసను మేమే చంపుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తరువాత పశువైద్యులను, కోళ్లు పెంచడంలో తలపండిన ఆడవారిని అడిగి, నా కళ్లతో చూసి నేర్చుకున్నది ఏమిటంటే, కోడిని ఎవరు పట్టారో అక్కడ మిగిలిన ఆనవాళ్లే చాలావరకు చెబుతాయి. పట్టపగలు ఈకైనా రాలకుండా పిల్ల మాయమై, తల్లికోడి ఆకాశం వైపు చూస్తూ అరుస్తుంటే గద్ద గాని డేగ గాని తన్నుకుపోయిందని అనుకోవచ్చు. గుడ్డు పెంకుతో సహా కనబడకపోతే ముందుగా పామును అనుమానించాలి. పిల్ల చచ్చిపడి ఉండి, తల భాగం మాత్రం చొంగతో తడిసి ఉంటే, పాము మింగబోయి మింగలేక వదిలేసిందన్నమాట. ఉడుము ఎండ వేళ వస్తుంది. దుమ్ములో గోళ్ల జాడల నడుమ తోక ఈడ్చిన గీత ఉంటుంది. ముంగిస మెడ మీద, తల మీద కొరుకుతుంది. అది రక్తం పీల్చి పోతుందని మన పెద్దలు అనేవారు గాని, మెడ కొరికి చంపి, దొరికినంత తిని పోవడమే తప్ప రక్తం పీల్చడం అంటూ లేదు. రాత్రి చెట్టు మీద పడుకున్న కోడికి తల, మెడ మాత్రమే పోయి ఉంటే గుడ్లగూబ వచ్చి ఉండవచ్చు.

అన్నింటికంటే ఎక్కువగా పొరబడేది కుక్కల విషయంలో. ఒకే రాత్రి ఐదారు కోళ్లు చచ్చి, ఒళ్లంతా కాట్లతో, ఈకలు వాకిలంతా చెదిరి, ఒక్కదాన్ని కూడా సరిగా తినకుండా వదిలేసి ఉంటే అది సాధారణంగా ఊరకుక్కల పనే. ఆకలితో వచ్చిన నక్క గాని జంగుపిల్లి (పొదల్లో తిరిగే అడవి పిల్లి) గాని ఒక కోడిని నోట కరచుకుని పోతుంది. ఈకల జాడ గట్టు వైపో బోదె వైపో సాగుతుంది. తడి మట్టిలో అడుగులు చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. కుక్క అడుగులో, నక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి, జంగుపిల్లి అడుగు గుండ్రంగా ఉండి గోళ్లు కనబడవు. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కనుక దాని అడుగులో గోళ్ల గుర్తులు పడవచ్చు. అయితే దాని ముఖ్యమైన తిండి చేపలు. కోరింగ మడ అడవులను ఆనుకుని బతికే ఆ జంతువు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపడం నేరమన్న సంగతి చెరువు గట్ల మీద కాపలా ఉండేవారిలో ఎందరికి తెలుసో ఆలోచించాలి.

నివారణ విషయానికి వస్తే, రాత్రిపూట పోయే కోళ్లలో చాలావరకు తలుపు వేయకపోవడం వల్లనో, వేసినా అది సందులున్న తలుపు కావడం వల్లనో పోతున్నవే. దీపాలు పెట్టే వేళకు ముందే కోళ్లను లెక్కపెట్టి గూట్లో వేసి గడియ పెట్టడం ఇంట్లో ఒకరి బాధ్యతగా ఉండాలి. చీకటి పడ్డాక వేద్దామనుకునే ఆ అరగంటలోనే ముప్పు వస్తుంది. గంప కింద కమ్మేవారు పైన బరువైన రాయి పెట్టాలి. కుక్క ముట్టెతో నెడితే వట్టి గంప పక్కకు ఒరిగిపోతుంది. బజారులో దొరికే పలుచని ఆరుకోణాల కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచుతుందే గాని కుక్క పళ్లను ఆపలేదు. పందికొక్కు దాన్ని తేలికగా కొరికేస్తుంది. అరంగుళం కన్నుల వెల్డు జాలీ కొట్టించి, గూటి చుట్టూ అడుగు లోతున భూమిలోకి దించితే తవ్వి వచ్చేవి ఆగుతాయి. తాటాకు కప్పు ఉన్న గూళ్లకు కప్పు కింద కూడా జాలీ అవసరం, ఎందుకంటే చెట్ల మీద తిరిగే మానుపిల్లి కొబ్బరి మట్టల మీదుగా దిగి కప్పులోని సందు వెతుక్కుంటుంది.

మన డెల్టాలో ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. వరద వచ్చి బొరియలు మునిగితే పాములు, పందికొక్కులు, ముంగిసలు అన్నీ మనం కోళ్లను చేర్చిన మెరక మీదికే చేరుతాయి. 2022 జులై వరదలో మా కోళ్లను ఏటిగట్టు మీద గంపల కింద ఉంచిన నాలుగు రోజుల్లో పోయినన్ని కోళ్లు మామూలు రోజుల్లో ఏడాదికి కూడా పోలేదు. అందుకే లంకల్లో గూడు నేల మీద కట్టకుండా, మూడడుగుల ఎత్తు సిమెంటు స్తంభాల మీద కట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. స్తంభానికి మధ్యలో నున్నటి రేకు చుడితే ఎలుకలు, పందికొక్కులు పైకి ఎగబాకలేవు.

పగటి పూట గద్దల బెడదకు పాత చేపల వల చాలు. పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు దాటేవరకు వల కప్పిన చిన్న దడిలో తల్లితో సహా ఉంచాలి. కొబ్బరి తోటల్లో చెట్లు ఎత్తుగా ఉండి నేల బోసిగా ఉంటుంది కనుక గద్దకు పైనుంచి అంతా కనబడుతుంది. అరటి పిలకలో, గుబురు మొక్కలో దగ్గరలో ఉంటే కోళ్లు వాటి కిందికి దూరి తప్పించుకుంటాయి.

అయితే ఒళ్లంతా వెతికినా గాయం కనబడకుండా రెండు మూడు కోళ్లు వరుసగా చచ్చిపోతే దొంగ జంతువును వెతకవద్దు. అది కొక్కెర తెగులు కావచ్చు, అంతకంటే ప్రమాదమైనదీ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి కోళ్లను వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. కాలువలో పారేయకూడదు, కుక్కలకు వేయకూడదు.

కుక్కల మాట వచ్చింది కనుక అసలు కారణం కూడా చెప్పాలి. మాంసం దుకాణాల వ్యర్థాలు, చెరువుల్లో చచ్చిన చేపలు కాలువ గట్ల మీద కుప్పలుగా పడుతున్నాయి. అక్కడ మేపు మరిగిన కుక్కలు, నక్కలు, గద్దలు ఆ పక్కనే ఉన్న పెరళ్లలోకి రావడంలో ఆశ్చర్యం లేదు. పంచాయతీలు ఆ వ్యర్థాలను గుంట తీసి సున్నం చల్లి పూడ్పించే ఏర్పాటు చేస్తే సగం బెడద తీరుతుంది.

సంక్రాంతికి సిద్ధం చేసే పుంజుకు రాత్రింబవళ్లు కాపలా ఉంటుంది, జీడిపప్పు తిండి ఉంటుంది. ఇంటి ఖర్చుకు గుడ్లు పెట్టే పెట్టకు గడియ ఉన్న గూడైనా ఉండదు. ఆ పెట్టల మీద వచ్చే డబ్బు చాలా ఇళ్లలో ఆడవారి చేతిలో ఉండే ఒకే ఒక్క సొంత రాబడి. పిల్లల పుస్తకాలకు, మందులకు అదే ఆధారం. అందువల్ల పెరటి కోళ్లను పంపిణీ చేసేటప్పుడు కోడిపిల్లలతోపాటు ఎత్తయిన గూటికి సరిపడా జాలీని కూడా రాయితీ మీద ఇవ్వాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. వరదల కాలానికి ముందే ప్రతి లంక గ్రామంలో ఒక రోజు పశువైద్య సిబ్బంది, అటవీ సిబ్బంది కలిసి వచ్చి, ఈ ఆనవాళ్లను, గుళికలు పెట్టడం వల్ల జరిగే నష్టాన్ని జనానికి చూపించి చెప్పాలని మనవి.

ఇట్లు,
ఒక పెరటి కోళ్ల పెంపకందారు,
ముమ్మిడివరం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా