ఇకమీదట మీ భుజాలు నేను సరిచేయను

ఈ నెల నుంచి బెంగళూరు మారతహళ్లిలోని మన సొమాటిక్స్ క్లాసులో, అంటే ఒంటి కదలికలను లోపలి నుంచి గమనించుకోవడం నేర్చుకునే క్లాసులో, కొన్ని మార్పులు చేస్తున్నాను. గోడకున్న అద్దాలకు తెర వేశాను. మూడు నెలల ప్యాకేజీ తీసేశాను. బ్యాచ్‌కు 14 మంది బదులు ఎనిమిది మందే ఉంటారు. "బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు మార్చడం?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అందరికీ ఒకేసారి చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆరేళ్ల కింద ఈ క్లాసు మొదలుపెట్టినప్పుడు నా పని సరిచేయడమే అనుకున్నాను. అంతకుముందు ఏళ్ల తరబడి యోగా నేర్పిన చేతులివి. ఎవరి భుజం ఎక్కి ఉన్నా, ఎవరి నడుము వంగినా చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లిపోయేది. మీలో చాలామంది పొద్దంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆపైన ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చుని వచ్చేవారు. పట్టేసిన మెడను నేను సవరిస్తే హాయిగా ఉందనేవారు. మరుసటి వారం అదే మెడ, అదే పట్టు.

నా ఆలోచన మార్చింది ఒక పెద్దావిడ. మనవడిని చూసుకోవడానికి ఒంగోలు నుంచి కూతురింటికి వచ్చారు. చాప మీద వెల్లకిలా పడుకున్నా ఆవిడ ఎడమ భుజం చెవి వైపు ఎక్కే ఉండేది. నేను అరచేత్తో మెల్లగా కిందికి నొక్కేదాన్ని. నాలుగు వారాలు నొక్కాను. ఒకరోజు ఆవిడ కళ్లు తెరవకుండానే, "నువ్వు నొక్కితే దిగుతోందమ్మా, వదిలితే మళ్లీ ఎక్కుతోంది. అసలు అది ఎక్కిందనే నాకు తెలియట్లేదు" అన్నారు.

చెయ్యి తీసేశాను. "అయితే మీరే ఇంకాస్త పైకి ఎత్తండి. ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా దించండి" అన్నాను. భుజం దాదాపు చెవికి తగిలింది. దిగేటప్పుడు రెండు చోట్ల ఆగి, వణికి, మళ్లీ దిగింది. మూడోసారికి వణుకు తగ్గింది. నాలుగోసారి దించుతూ దించుతూ ఆవిడ కుడిచేత్తో ఎడమ నడుము పక్కన తడుముకున్నారు. "పిల్లాడు చంకన లేకపోయినా ఎత్తుకున్నట్టే ఉంటున్నానమ్మా" అన్నారు. ఇదే సంగతి నేను చెప్పి ఉంటే తల ఊపి ఊరుకునేవారేమో. తనకు తానుగా పట్టుకున్నారు కాబట్టి ఆ వారం నుంచే పిల్లాడిని అప్పుడప్పుడు అవతలి చంకకు మార్చుకోవడం మొదలుపెట్టారు.

సొమాటిక్స్ అనే పేరు అమెరికాలో థామస్ హన్నా 1970లలో పెట్టింది. అద్దంలో కనిపించే ఒళ్లు ఒకటి, లోపలి నుంచి మనకు తెలిసే ఒళ్లు ఒకటి. ఆయన పట్టించుకున్నది రెండోదాన్ని. ఏళ్లుగా బిగిసి ఉన్న కండరాన్ని ఎలా వదలాలో మెదడు మరిచిపోతుందని, పట్టి లాగే బదులు ముందు మనమే కొంచెం బిగించి మెల్లగా వదిలితే అది మళ్లీ మన చేతికి వస్తుందని ఆయన వాదన. నిద్ర లేచిన పిల్లి చేసేది ఇదే. మనం ఒళ్లు విరుచుకోవడం అంటాం. హన్నా ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మోషే ఫెల్డెన్‌క్రైస్ ఫిజిక్స్ చదివిన ఇంజనీరు, జూడో నేర్పినవాడు. మోకాలు దెబ్బతింటే తన కదలికలను తానే గమనించుకుంటూ ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. ఇవన్నీ నేను ముందే చదివాను. చదివి కూడా భుజాలు నొక్కుతూనే ఉన్నాను.

ఇంత నెమ్మది ఎందుకని కొత్తవాళ్లు విసుక్కుంటారు. నెత్తిన 25 కిలోల బియ్యం బస్తా ఉన్నప్పుడు ఎవరైనా అందులో గుప్పెడు బియ్యం వేస్తే తెలియదు. ఖాళీ అరచేతిలో వేస్తే ఇట్టే తెలుస్తుంది. బలం తగ్గించినకొద్దీ చిన్న తేడాలు కూడా తెలుస్తాయి. అద్దాలకు తెర వేసింది కూడా అందుకే. ఎదురుగా అద్దం ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి, ఒళ్లు ఏం చెబుతోందో వినబడదు. "ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యి" అని చిన్నప్పుడు అమ్మ కోప్పడేది. ఇప్పుడు నేను నేర్పేది అదేనని నాకు అనిపిస్తుంది.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. రెండేళ్ల కింద మన పాంప్లెట్ మీద "ఒంట్లో దాగిన బాధను బయటికి తీస్తాం" అని వేయించాను. ఆ రోజుల్లోనే ఒకమ్మాయి తుంటి కదలికలు చేస్తూ ఏడ్చింది. "ఆపుకోకు, రానీ, మంచిదే" అన్నాను, పదిమంది ముందు. ఆ తర్వాత మూడు రాత్రులు నిద్ర పట్టలేదని మెసేజ్ పెట్టింది. మళ్లీ రాలేదు. ఆ ఏడుపు వెనక ఏముందో నాకు తెలియదు, దాన్ని తెలుసుకుని సాయం చేసే శిక్షణ కూడా నాకు లేదు. ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆ వాక్యం ఇప్పుడు ఎక్కడా లేదు. క్లాసులో ఎవరికైనా మనసు బరువెక్కితే కళ్లు తెరవండి, ఆపేయండి, నీళ్లు తాగండి. పక్కన కూర్చుంటాను, ఏమీ అడగను. ఇంకా సాయం కావాలనిపిస్తే మన ఊళ్లోనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

నడుము నొప్పి తగ్గుతుందా అని అడుగుతారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. దీర్ఘకాల నడుము నొప్పి ఉన్న 579 మందిని తీసుకున్నారు. కూర్చునే, నిలబడే, కదిలే తీరును గమనించి మార్చుకోవడం నేర్పే అలెగ్జాండర్ టెక్నిక్ పాఠాలు 24 చెప్పించుకున్నవారికి ఏడాది తర్వాత నొప్పితో గడిచే రోజులు బాగా తగ్గాయి. అయితే అవి ఒక్కొక్కరికి విడిగా చెప్పిన పాఠాలు, పద్ధతి కూడా వేరు. దాన్ని తెచ్చి నా బోర్డు మీద రాసుకోలేను. చేతికి తిమ్మిరి, కాలు పట్టు తప్పడం లాంటివి ఉంటే ముందు డాక్టరుకు చూపించుకుని రండి.

వ్యక్తిత్వ వికాసం అనే మాటా బోర్డు మీంచి తీసేశాను. పొద్దుటి మీటింగ్‌లో మేనేజర్ పేరు పిలవగానే తన దవడ బిగుస్తోందని ఒకబ్బాయి గమనించాడు. ఇప్పుడు దవడ వదిలి, ఒక ఊపిరి మెల్లగా విడిచి జవాబిస్తున్నాడట. "ఈ వారం కుదరదు సార్" అనడం వచ్చిందట. నాకు చాలా సంతోషంగా అనిపించింది. కానీ ఆ మాట అనే ధైర్యం అతనిదే, నేను నేర్పింది కాదు.

ఇకనుంచి క్లాసుకు 400 రూపాయలు, వచ్చినరోజే ఇవ్వండి. ప్యాకేజీకి ముందే కట్టినవారికి మిగిలిన డబ్బు 10వ తేదీలోపు వెనక్కి పంపుతాను. ఎనిమిది మందితో అద్దె వెళ్లడం కష్టమే, అందుకే శనివారం ఇంకో బ్యాచ్ పెడుతున్నాను. మనవల కోసం ఊరు వదిలి వచ్చిన అమ్మమ్మలకు, నానమ్మలకు బుధవారం పొద్దున 11 గంటలకు విడిగా తెలుగు బ్యాచ్ ఉంటుంది. పిల్లల్ని తెచ్చుకోవచ్చు, పక్కగదిలో మనిషిని పెడుతున్నాను. క్లాసంతా పడుకునే చేస్తాం కాబట్టి పల్చటి యోగా మ్యాట్ చాలదు. ఇంట్లో పాత దుప్పటి ఉంటే నాలుగు మడతలు పెట్టి తెచ్చుకోండి.