మా సంతకం ఎక్కడ చెల్లుతుంది?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఫారెస్ట్రీలో నాలుగేళ్ల డిగ్రీ చేశాను. మా ఊరు ములుగు జిల్లాలో తాడ్వాయి వైపు. చదివింది కూడా ములుగులోనే. ఇక్కడే అందరూ తికమకపడతారు. మేడారం జాతర జరిగే ములుగు వేరు, సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి పక్కనున్న ములుగు వేరు. ఫారెస్ట్ కాలేజీ ఉన్నది ఆ రెండో ములుగులో, ఉద్యాన విశ్వవిద్యాలయానికి దగ్గర్లో. మా ఊళ్లో సగం మంది నేను రోజూ ఇంటి నుంచే కాలేజీకి పోయొచ్చేదాన్నని ఇప్పటికీ అనుకుంటారు. అడవున్న ములుగు నుంచి అడవి గురించి చదవడానికి బస్సెక్కి హైదరాబాద్ దాపుకు పోయాను. మళ్లీ ఇంటికొచ్చి రెండేళ్లు దాటింది.

ఈ లేఖ నోటిఫికేషన్ కోసం అనుకునేరు. అది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, అడగాలి కూడా. 2022లో ప్రభుత్వం ఫారెస్ట్రీ పట్టభద్రులకు ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్) పోస్టుల్లో 25 శాతం, రేంజి ఆఫీసర్, ఫారెస్టర్ పోస్టుల్లో 50 శాతం కేటాయించింది. అదే ఏడాది సెప్టెంబరులో అటవీ విశ్వవిద్యాలయం బిల్లుకు అసెంబ్లీ ఆమోదం తెలిపింది. అప్పుడు మేం హాస్టల్లో స్వీట్లు పంచుకున్నాం. కోటా మంచిదే. కాకపోతే వడ్డన ఉన్న రోజే విస్తరి అక్కరకొస్తుంది. ఖాళీలు పడాలి, నోటిఫికేషన్ రావాలి, పరీక్ష రాయాలి, ఆ తర్వాత నడక పరీక్ష. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా అమ్మ అంతకన్నా ఎక్కువే నడుస్తుంది, తలమీద గంపతో.

నేను అడగదలచుకున్నది వేరే సంగతి. అదెలా మొదలైందో చెప్తాను.

మా చిన్నాయన పొలం గట్ల మీద 41 టేకు చెట్లుండేవి. నా చదువైపోయిన ఏడాదే ఆయన కూతురి పెళ్లి కుదిరింది. చెట్లమ్ముదామనుకున్నాడు. జామాయిల్, సుబాబుల్ లాంటివైతే మినహాయింపులున్నాయి గానీ, టేకు సొంత పట్టా భూమిలో ఉన్నా కొట్టాలంటే అనుమతి కావాలి. 'నువ్వు చదివింది గిదే గద బిడ్డా, లెక్క రాయి' అన్నాడు. నేనూ తమ్ముడూ టేపు పట్టుకుని ఒక పొద్దంతా తిరిగాం. ప్రతి చెట్టుకూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీశాం. వాలు ఉన్నచోట ఎగువ వైపు నిలబడి కొలవాలి. దిగువన నిలబడితే టేపు సరైన ఎత్తుకు కింద పడుతుంది, కొలత పెరుగుతుంది. ఎత్తులు కట్టాం, నంబర్లు వేశాం, గట్ల పటం గీశాం. జాబితా కింద నా పేరు, డిగ్రీ రాసి సంతకం పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రోజు కాస్త గర్వపడ్డాను.

చిన్నాయన ఆ కాయితం పట్టుకుని ఒక కార్యాలయానికి పోయాడు. అక్కడాయన చదివి, 'లెక్క బాగనే ఉంది, కని ఈమె ఎవరు?' అని అడిగాడట. ఆయన్ని తప్పుపట్టను. చెట్లు కొలిచే అధికారం ఉన్నవాళ్ల జాబితాలో నా లాంటి మనిషికి చోటు లేదు. సిబ్బంది వచ్చి చూడాలి, వాళ్లకేమో పది పనులు. నెల దాటింది. పెళ్లి తేదీ దగ్గరికొచ్చింది. ఇంతలో బేరగాడొకాయన వచ్చి, పర్మిషన్ తలనొప్పంతా తనదేనని చెప్పి, లావు చెట్లు 24 కంటిచూపు మీద గుత్తకు మాట్లాడుకున్నాడు.

దుంగలు లారీకెక్కేటప్పుడు ఒకదాని నడుముకు టేపు చుట్టాను. 36 అంగుళాలు. పొడవు 10 అడుగులు. బజారు లెక్క ఇలా ఉంటుంది: 36లో నాలుగో వంతు 9, తొమ్మిది తొమ్ముదులు 81, దాన్ని 144తో భాగించి పొడవుతో గుణిస్తే 5.6 ఘనపు అడుగులు. దీన్నే క్వార్టర్ గర్త్ అంటారు. అదే దుంగను గుండ్రంగా లెక్కిస్తే 7.1 పైచిలుకు వస్తుంది. వందకు ఇరవై ఒకటికి పైనే తేడా. ఇది మోసమేమీ కాదు, కోతలో పోయే తరుగును ముందే తీసేసే పాత పద్ధతి. కాకపోతే ఆ తరుగు లెక్కలోనే పోయిందని తెలిసిన రైతు ధర దగ్గర గట్టిగా నిలబడతాడు. చిన్నాయనకు ఆ అయిదున్నర అడుగుల లెక్క కూడా దక్కలేదు. ఆయనకు దక్కింది 'చెట్టుకింత' అనే మాట ఒక్కటే.

అప్పుడు తట్టింది నాకు. పశువు చచ్చిపోతే పశువైద్యుడి సంతకం చెల్లుతుంది, 1984 చట్టం కింద వాళ్లకు కౌన్సిల్ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. ఇంటి ప్లాన్ మీద ఇంజనీరు సంతకం చెల్లుతుంది. భూభారతి చట్టం వచ్చాక మన ప్రభుత్వమే వేలమంది యువకులకు శిక్షణ ఇచ్చి లైసెన్స్‌డ్ సర్వేయర్లను చేసింది. అంటే గట్టు కొలిచినవాడి సంతకం చెల్లుతుంది, గట్టు మీది చెట్టు కొలిచినదాని సంతకం చెల్లదు. నాలుగేళ్లపాటు మెన్సురేషన్ (చెట్ల కొలత), సిల్వికల్చర్ (అడవి పెంపకం), అటవీ చట్టాలు, జీఐఎస్ (కంప్యూటర్ పటాలు) చదివించి మమ్మల్ని బయటికి పంపారు. యూనిఫాం వేసుకుంటే తప్ప ఆ చదువు చెల్లే చోటు లేదు. పోనీ ఆ యూనిఫాం మాకే ప్రత్యేకమా అంటే అదీ కాదు. ఐఎఫ్‌ఎస్ (భారత అటవీ సర్వీసు) పరీక్ష ఇంజనీర్లు కూడా రాయొచ్చు. రాయనివ్వండి, పోటీకి మేం భయపడటం లేదు.

2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ వ్యవసాయ భూముల్లో చెట్ల నరికివేతపై నమూనా నిబంధనలు తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. రైతు తన చెట్ల వివరాలు పోర్టల్‌లో పెట్టుకోవాలి. పొలానికొచ్చి చూసే పనిని రాష్ట్ర స్థాయి కమిటీ ఎంప్యానెల్ చేసిన (తన జాబితాలో చేర్చుకున్న) ఏజెన్సీలకు అప్పగించవచ్చు. మంత్రి గారూ, ఆ ఏజెన్సీ అన్న మాటలో మమ్మల్ని చేర్చండి. పెద్ద కంపెనీలకే ఇస్తే జిల్లాకొక ఆఫీసు పెట్టి, మా జూనియర్లనే తక్కువ జీతానికి తిప్పుతారు, సంతకం వాళ్లు పెడతారు. ఫారెస్ట్రీ డిగ్రీ ఉన్నవాళ్లకు విడివిడిగా లైసెన్స్ ఇవ్వండి. తప్పుడు కొలత ఇస్తే రద్దు చేయండి. ఫీజు ఎంతో మీరే ఖరారు చేయండి.

ఇక అడవి లోపలి సంగతి.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మా వైపు ఆ చట్టమంటే పోడు పట్టాలే. 2023 జూన్ ఆఖరు నుంచి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు, సంతోషం. కానీ అదే చట్టంలో సామూహిక అటవీ వనరుల హక్కు కూడా ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని గ్రామసభే చూసుకునే హక్కు అది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రామసభ కమిటీ తన అడవికి సంరక్షణ, నిర్వహణ ప్రణాళిక రాసుకోవాలి, దాన్ని అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్‌తో కలపాలి. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడి మెండా లేఖ ఊరికి 2009లో ఆ హక్కు వచ్చింది, తర్వాత తమ వెదురు తామే అమ్ముకున్నారు. మన దగ్గర ఆ ప్రణాళిక ఎవరు రాయాలి? ఏ జాతి చెట్టు ఎంత ఉంది, ఏడాదికెంత తీస్తే మళ్లీ పెరుగుతుంది, నిప్పు ఎటునుంచి వస్తుంది, తపసి జిగురుకు గాటు ఎంత లోతు పెడితే చెట్టు బతుకుతుంది అన్నవన్నీ అందులో ఉండాలి. మా సిలబస్ అదే కదా!

సిలబస్ అంతా సరిపోతుందని మాత్రం అనను. మొదటి ఏడాది హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల సేకరణ) కోసం నల్లమద్ది, ఏగిస, చిరుమాను, జిట్రేగి కొమ్మలు ఇంటి నుంచి తీసుకుపోయి లాటిన్ పేర్లు నేర్చుకున్నాను. సెలవుల్లో ఇంటికొచ్చి అమ్మకు నిప్పు గురించి పాఠం చెప్పబోయాను. తునికాకు కోసం అడవికి మంట పెట్టొద్దు, మొలకలన్నీ కాలిపోతాయి, ఫిబ్రవరి, మార్చిల్లో పొదల కొమ్మలు కొడితే చిగురు అదే వస్తుంది అన్నాను. అమ్మ అప్పటికి ఆకులు కట్టలు కడుతోంది. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే స్టాండర్డ్ బ్యాగు. తల ఎత్తకుండానే అంది:

'కొమ్మ కొట్టాలంటే మనుషులు కావాలె, కూలి కావాలె. ఆ కూలి ఎవరిస్తరో మీ పుస్తకంల రాసిండ్రా?'

రాయలేదు. కానీ గ్రామసభ ప్రణాళికలో అది రాయొచ్చు. కొమ్మ కొట్టుడుకు ఎంతమంది, ఎన్ని రోజులు, డబ్బు కాంట్రాక్టరు టెండరు నుంచా, బోనస్ నుంచా, ఉపాధి హామీ నుంచా అని కూర్చుని తేల్చవచ్చు. అమ్మ ప్రశ్ననూ నా పుస్తకాన్నీ ఒకేచోట పెట్టే కాయితం నాకు తెలిసినంతలో అదొక్కటే.

2022 నవంబరు 22న చండ్రుగొండ రేంజి ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారు పోడు గొడవలో ప్రాణాలు కోల్పోయారు. మేం అప్పుడు కాలేజీలోనే ఉన్నాం. ఆ రాత్రి మెస్‌లో ఎవరూ సరిగా తినలేదు. మాలో చాలామంది వేయాలనుకున్న యూనిఫాం ఆయన ఒంటి మీద ఉంది. మాలో కొందరి ఇళ్లల్లో పోడు కూడా ఉంది. ఒక ప్రణాళిక ఉండి ఉంటే ఆయన బతికేవారని అనడం లేదు, అంత తేలిగ్గా మాట్లాడే విషయం కాదు. నేననేది ఒక్కటే. ఊరి చేతిలో ఒక లెక్క, ఆఫీసు చేతిలో ఒక లెక్క ఉన్నప్పుడు, ఇద్దరూ ఒప్పుకునే కొలత తీసే మూడో మనిషి మా మండలాల్లో లేడు. ఆ పని మాకివ్వండి. యూనిఫాం లేకపోవడమే అక్కడ మాకు పనికొస్తుంది.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య గాలివాన సుమారు 200 హెక్టార్లలో పదుల వేల చెట్లను పడగొట్టింది. అమ్మ ఫోన్లో చెప్తే మొదట నమ్మలేదు. మర్నాడు రోడ్డు పొడుగునా పడ్డ చెట్లు చూశాను. కొన్నింటి వేళ్లు పళ్లెంలా పైకి లేచాయి, లోతుకు దిగిన తల్లివేరు కనబడలేదు. గాలి వేగం, పల్చటి నేల అని నిపుణులు అప్పట్లో చెప్పారు. నేను నోట్‌బుక్, టేపు తీసుకుని లోపలికి పోదామనుకున్నాను. ఏ జాతి ఎన్ని, ఎటువైపు పడ్డాయి, వేళ్లు ఎంత లోతు అని రాసుకుందామని. అభయారణ్యం కదా, అనుమతి లేదని ఆపారు. నిబంధన సరైనదే. కానీ ఆ జిల్లాలో పుట్టి, ఆ చదువే చదివి, బస్టాండు దగ్గర నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీసుకుని వచ్చేశాను. మీ శాఖలో మాకంటూ ఒక రిజిస్టరు ఉంటే ఆ వారమే వందమందిని లోపలికి దింపి లెక్క తీయించి ఉండేవారు.

డబ్బు గురించి కూడా ఒక మాట. 2019 ఆగస్టులో కంపా నిధుల (అడవి భూమి వేరే పనికి తీసుకున్నందుకు కట్టించుకునే పరిహారం) నుంచి రాష్ట్రానికి 3,110 కోట్లు విడుదలయ్యాయి. అందులో కొంత వాటాను సిబ్బంది, అనుబంధ సంస్థల సామర్థ్యం పెంచడానికి వాడవచ్చని నిబంధనలే చెప్తున్నాయి. ముందు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఆసిఫాబాద్ జిల్లాల్లో, సామూహిక హక్కు పత్రాలున్న ఊళ్లలో మొదలుపెట్టండి. నాలుగైదు ఊళ్లకొక పట్టభద్రురాలు, రెండేళ్లు, నెలకు బతకగలిగినంత ఫెలోషిప్. రెండేళ్ల చివర ప్రతి ఊరి చేతిలో ప్రణాళిక ఉండాలి, దాని మీద గ్రామసభ తీర్మానం, కింద మా సంతకం. అశోక్‌నగర్ గదుల్లో కరెంట్ అఫైర్స్ బట్టీ పడుతున్న నా క్లాస్‌మేట్లలో సగం మంది మరుసటి బస్సుకే వస్తారు. మిగతా సగం గ్రూప్స్ కొట్టేదాకా రారు, వాళ్ల ఇష్టం.

చిన్నాయన గట్ల మీద ఇంకా 17 చెట్లున్నాయి. అప్పటికి సన్నగా ఉన్నాయని బేరగాడు వదిలేశాడు. మొన్న మళ్లీ టేపు పట్టి కొత్త జాబితా రాశాను. 'ఈసారి ఆఫీసోళ్లు తీసుకుంటరా?' అని అడిగాడు. జాబితా నా దగ్గరే ఉంది. సంతకం పెట్టాను, తేదీ మాత్రం ఇంకా వేయలేదు.

ఇట్లు,
ఒక ఫారెస్ట్రీ పట్టభద్రురాలు,
తాడ్వాయి మండలం, ములుగు జిల్లా