ముందు నాలాలకు దారి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ముసురు పట్టిందంటే వరంగల్ హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో మాకు టెన్షన్ మొదలవుతుంది. 2023 జులైలో బొందివాగు పొంగి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. బియ్యం డ్రమ్ము తేలింది. గోడ మీద నడుమెత్తున పడిన మట్టి చార రెండుసార్లు సున్నం వేసినా పోలేదు.

ఒక చెరువు మత్తడి పోస్తే కింది చెరువు నిండేలా కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టించిన నేల ఇది. ఆ నీటి దారుల్లోనే ప్లాట్లు వెలిశాయి. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీగా ఎంపికైనందుకు సంతోషమే, కానీ మాకు ముందు కావాల్సింది నాలాల వెడల్పు. ఎక్కడెంత ఆక్రమణ ఉందో మ్యాపు గీసి ప్రతి డివిజన్‌లో గోడకు అంటించాలి. పూడిక మృగశిర కార్తెకు ముందే తీయాలి, నీళ్లొచ్చాక కాదు.

— ఒక గృహిణి, వరంగల్