నమూనా ల్యాబుకు చేరేదాకా బాధ్యత ఎవరిది?

సంపాదకులకు,

ఫోరెన్సిక్ ల్యాబుకు కొత్త భవనం, కొత్త యంత్రాలు అన్న వార్త చూసినప్పుడల్లా, సెషన్స్ కోర్టులో పనిచేసి రిటైరైన నాకు ఒకటే సందేహం. ఘటనాస్థలంలో తీసిన నమూనా ఆ యంత్రం దాకా ఎలా వెళ్తోంది? దారిలో ఎవరి చేతుల్లో ఉంటోంది?

రక్తం అంటిన చీరను తడి ఆరకముందే ప్లాస్టిక్ కవరులో మూటగడితే బూజు పడుతుంది, డీఎన్‌ఏ చెడిపోతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. దీనికి కోట్ల రూపాయల పరికరం అక్కర్లేదు, పని తెలిసిన కానిస్టేబులు చాలు. ఆ తర్వాత లక్క సీలు చెక్కుచెదరలేదా, పంచనామాలో రాసిన వస్తువూ ల్యాబులో విప్పిన వస్తువూ ఒకటేనా, మధ్యలో ఎన్నాళ్లు స్టేషన్ బీరువాలో పడి ఉంది? ముద్దాయి తరఫు న్యాయవాది అడిగేవి ఇవే. జవాబు లేకపోతే నివేదిక ఎంత ఘనమైనదైనా నిలవదు. నిలవకూడదు కూడా. రేపు ఆ బోనులో నిర్దోషి ఉండవచ్చు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ ప్రక్రియ చట్టం) సెక్షన్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలి, సేకరణను వీడియో తీయించాలి. మంచిదే. కానీ దీన్ని తప్పనిసరి చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వెసులుబాటు ఇచ్చారు!

2025 జూలైలో తమిళనాడు కేసు ఒకదానిలో మరణశిక్ష పడిన వ్యక్తిని నిర్దోషిగా విడిచిపెడుతూ సుప్రీంకోర్టు, డీఎన్‌ఏ నమూనాల విషయంలో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. సేకరించిన 48 గంటల్లోగా నమూనా ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలి. విచారణ కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ విప్పకూడదు, మళ్లీ సీలు వేయకూడదు. నమూనా చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు కావాలి. అవసరమైన ఫారాలు సిద్ధం చేసే పని డీజీపీలకు అప్పగించింది.

ఆ ఫారాలు, ఆ రిజిస్టరు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని స్టేషన్లకు చేరాయో డీజీపీలు ప్రకటించాలి. సెలవు రోజుల్లో, అర్ధరాత్రి తీసిన నమూనాలను చల్లగా ఉంచేందుకు ప్రతి ఏరియా ఆసుపత్రిలో తాళం వేసిన ఫ్రిజ్ ఒకటి కేటాయించాలి. వ్యాక్సిన్ల ఫ్రిజ్‌లో ఓ మూలన సర్దడం కాదు. ఎస్పీలు నెలవారీ నేర సమీక్షలో ఆ రిజిస్టరును కూడా తెప్పించి చూడాలి. ల్యాబుల్లో నివేదికల ఆలస్యం వేరే కథ, దానికి మరో లేఖ కావాలి.

– ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి, తెనాలి