కమ్యూనిటీ హాళ్లకు ఏసీల కన్నా ముందు పైకప్పు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కమ్యూనిటీ హాళ్లలో కూర్చోలేకపోతున్నామన్న ఫిర్యాదు నిజమే అయినా, అందుకు వరుసగా ఏసీలు బిగించాలన్న ఆలోచనను పాలకవర్గాలు మరొక్కసారి పరిశీలించాలని కోరుతున్నాను. ఎత్తైన పైకప్పు, గోడల నిండా వెంటిలేటర్లు, ఎప్పుడూ తెరిచే ఉండే తలుపులు గల హాలులో చల్లగాలి నిలవదు.

అసలు వేడి దిగేది పైకప్పు నుంచి. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటుంది కనుక, పైన సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గానీ వేయిస్తే లోపలి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గే వీలుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది ఇందుకే. పాత హాళ్లకూ దాన్ని వెంటనే వర్తింపజేయాలి.

పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే) ఫ్యాను దాదాపు 30 వాట్లతోనే అంత గాలినిస్తుంది. ఇరవై ఫ్యాన్లున్న హాలులో పాతవాటిని ఇలా మార్పిస్తే గంటకు దాదాపు ఒక యూనిట్ మిగులుతుంది. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే, వృద్ధులు, బాలింతలు కూర్చునే చిన్న గదికి మాత్రం ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ పెట్టించాలని సంబంధిత అధికారులకు నా విజ్ఞప్తి.

— ఒక పాఠకురాలు, వరంగల్